టారో పుట్టింది పేకాట కోసమే

ఒక సందేశం చాలా గ్రూపుల్లో తిరుగుతోంది. దాని సారాంశం ఇది: టారో కార్డులు ఈజిప్టు పూజారులు దాచిన జ్ఞానం, ఫ్రెంచివాళ్ళు దాన్ని పేకాటకు దిగజార్చారు. మనం ఆడే మామూలు పేక కూడా అందులోంచే వచ్చింది. టారో ఆటలో ఉన్నదంతా అదృష్టమే. ఇక ఇంగ్లిష్‌లో 'ఫ్రెంచ్ టారో' అంటే ఫ్రాన్సు పద్ధతి జోస్యం. వీటిలో ఒక్కటీ నిజం కాదు.

ఈజిప్టు కథ ఎప్పుడు పుట్టిందో తెలుసు. 1781లో ఆంత్వాన్ కూర్ ద జెబ్లాఁ అనే ఫ్రెంచి పండితుడు ఆ మాట రాశాడు. ఆధారం ఒక్కటీ చూపలేదు, చూపడానికి వీలూ లేదు. శాంపోలియోన్ అనే మరో ఫ్రెంచి పండితుడు ఈజిప్టు చిత్రలిపిని ఛేదించింది 1822లో. అంతకుముందు ఆ రాతలు చదవగలిగినవాళ్ళే లేరు. టారో ముక్కల జాడ కనిపించేది ఉత్తర ఇటలీలో: 1440లో ఫ్లారెన్సులో, 1442లో ఫెరారా దర్బారు లెక్కల్లో. అప్పటి పేరు 'ట్రయోంఫి'. 1505 నాటికి 'తరోకి' అన్న మాట వాడుకలోకి వచ్చింది. వీటితో భవిష్యత్తు చెప్పిన దాఖలాలు 18వ శతాబ్దంలోగానీ దొరకవు. అల్లియెట్ అనే ఆయన తన ఇంటిపేరునే తిరగేసి 'ఎతేయా' అని పెట్టుకుని ఆ జోస్యం పద్ధతిని అచ్చువేసింది 1785లో. అంటే మూడు వందల ఏళ్ళు ఆడుకున్న ముక్కలకు తర్వాత జోస్యం అంటుకుంది. దిగజారుడు అనాలనుకున్నా వరస తలకిందులైంది.

మామూలు పేక టారోలోంచి రాలేదు. 1377 నాటికే ఫ్లారెన్సులో పేకాటపై నిషేధం ఉంది, అంటే నాలుగు రంగుల పేక టారోకన్నా అరవై ఏళ్ళకు పైగా పెద్దది. ఇటలీవాళ్ళు దానికే బొమ్మల ముక్కలు చేర్చి, అవి మిగతా రంగులన్నిటినీ కొట్టేలా నియమం పెట్టారు. ఇంగ్లిష్ 'ట్రంప్' ఆ ట్రయోంఫి ఇంటి మాటే, మన 'తురుపు' కూడా ఆ చుట్టరికంలోదే. జోకరుకూ టారోలోని పిచ్చివాడి బొమ్మకూ సంబంధం లేదు. జోకరు 1860ల్లో అమెరికాలో యూకర్ ఆట కోసం వచ్చింది.

'అంతా అదృష్టం' అన్నవాళ్ళు ఒక్క ఆటైనా లెక్క కట్టి ఉండరు. ఫ్రాన్సులో ఆడే టారో పేకలో 78 ముక్కలు: రంగుకు 14 చొప్పున 56, తురుపులు 21, 'ఎక్స్‌క్యూజ్' ఒకటి. రాణికీ జాకీకీ మధ్య గుర్రపు రౌతు అదనం. నలుగురు ఆడితే మూడేసి ముక్కల చొప్పున పంచి తలా 18 ఇస్తారు, 6 పక్కన పెడతారు. వేలంలో గెలిచినవాడు ఒంటరి, మిగతా ముగ్గురూ ఒక జట్టు. వేసిన రంగు లేకపోతే తురుపు కొట్టి తీరాలి, ముందు పడిన తురుపు కన్నా పెద్దది ఉంటే అదే వెయ్యాలి.

రాజు, 21వ తురుపు, 1వ తురుపు, ఎక్స్‌క్యూజ్ ఒక్కోటి నాలుగున్నర పాయింట్లు. రాణి మూడున్నర, రౌతు రెండున్నర, జాకీ ఒకటిన్నర, మిగతావి అర. మొత్తం 91. లెక్క తప్పేది ఈ అరల దగ్గరే. బొమ్మముక్కను ఒక చిన్నముక్కతో జతకట్టి లెక్కపెడితే రాజు జత 5, రాణి జత 4, ఇలా అరలు మాయమవుతాయి.

గెలవడానికి ఎంత కావాలన్నది 'బూ' అనే మూడు ముక్కల మీద ఉంటుంది: 21, 1, ఎక్స్‌క్యూజ్. చివరికి ఒంటరివాడి పట్టుల్లో, అంటే చుట్టుచుట్టుకూ గెలుచుకున్న ముక్కల్లో, అవి ఒక్కటీ లేకపోతే 56 కావాలి, ఒకటుంటే 51, రెండుంటే 41, మూడూ ఉంటే 36. ఒంటరివాడికి 46 వచ్చాయనుకోండి. బూలు రెండుంటే 5 ఎక్కువతో గెలుపు. ఒకటే ఉంటే అదే 46కి 5 తక్కువతో ఓటమి. 'గార్డ్' అనే రకం వేలంలో, ఆటకు మూలంగా ఉండే 25కు ఆ 5 కలిపి రెట్టింపు చేస్తే 60. గెలిస్తే ముగ్గురి దగ్గరా 60 చొప్పున 180 వస్తుంది, ఓడితే అంతే కట్టాలి. అందుకే ఆటంతా 1వ తురుపు చుట్టూ తిరుగుతుంది. ఏ తురుపుకైనా దొరికిపోయే ముక్క అది. ఒంటరివాడి దగ్గర అది ఉంటే, అతనికి లేని రంగునే ఎదుటివాళ్ళు మళ్ళీ మళ్ళీ వేసి తురుపులన్నీ ఖర్చు చేయిస్తారు. పెద్ద తురుపులు అయిపోయాక ఆ ఒకటి బయటపడక తప్పదు. ఎక్స్‌క్యూజ్ ఏ పట్టునూ గెలవదు, కానీ ఎప్పుడైనా వేసి, బదులుగా ఒక చిన్నముక్క ఇచ్చి వెనక్కి తీసుకోవచ్చు. చివరి పట్టు దాకా దాచుకుంటే మాత్రం ఎదుటి పక్షానికి పోతుంది, కొత్తవాళ్ళు పోగొట్టుకునేది అక్కడే. పంపకంలో అదృష్టం ఉంది, నిజమే. ఆ తర్వాతదంతా జ్ఞాపకం, లెక్క.

పేరు సంగతి. ఫ్రాన్సులో దీన్ని ఉత్త 'తారో' అంటారు. ఆటకు 1973లో పుట్టిన జాతీయ సమాఖ్య ఉంది, పోటీలున్నాయి. ఇంగ్లిష్‌లో ఆ మాట వినగానే జోస్యం గుర్తొస్తుంది, పైగా ఆస్ట్రియా 'టారోక్' లాంటి సోదర ఆటలూ ఉన్నాయి. ఈ ఆటను విడిగా చెప్పడానికే 'ఫ్రెంచ్' చేర్చారు.

ఈ గందరగోళం వల్ల ఆట కోసం వెతికినవాళ్ళు జోస్యం పేక కొంటున్నారు. దానిలోనూ 78 ముక్కలే ఉంటాయి కాబట్టి అంకె చూసి మోసపోవద్దు. ఎక్కువగా అమ్ముడయ్యే 1909 నాటి ఇంగ్లిష్ జోస్యం పేకలో రంగులు గిన్నెలు, కత్తులు, కర్రలు, నాణేలు. బొమ్మ ఒకవైపే నిటారుగా ఉంటుంది, మూలల్లో అంకెలుండవు. 18 ముక్కలు విసనకర్రలా పట్టుకుంటే ఏది ఏదో తెలియదు. ఆట పేకలో ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరే ఉంటాయి, తురుపుల మూలల్లో పెద్ద అంకెలు, పైనా కిందా రోజువారీ జీవితపు బొమ్మలు. చావు, దయ్యం బొమ్మలు అందులో కనపడవు.