నిలబడే విద్య: మొదటి సంవత్సరం

ఇంజనీరింగ్ అప్రెంటిస్‌గా చేరబోయే యువతీ యువకులకు ముందుగా ఒక విన్నపం. మొదటి రోజు ఉదయం షాపు ఫ్లోర్ మీద అడుగు పెట్టగానే దయచేసి "సార్, నేనేం చెయ్యాలి?" అని అడగకండి. ఆ ఒక్క ప్రశ్నతో, ఎన్నో ఏళ్లుగా సవ్యంగా నడుస్తున్న వ్యవస్థ ఇరుకున పడుతుంది. మీరు వస్తారని అందరికీ తెలుసు. కాగితం వచ్చింది, దాని మీద మూడు సంతకాలు కూడా పడ్డాయి. కాళ్లూ చేతులతో సహా వస్తారని మాత్రం ఎవరూ అనుకోలేదు.

నేను అడిగాను. పద్దెనిమిదేళ్లు, కొత్త బూట్లు, జేబులో రెండు పెన్నులు. సూపర్‌వైజర్‌గారు నన్ను ఎగాదిగా చూశారు. తర్వాత చుట్టూ చూశారు. చివరికి ఒక లేత్ మెషీన్‌కి (లోహపు ముక్కని తిప్పుతూ కోసే యంత్రం) నాలుగడుగుల దూరంలో ఖాళీగా ఉన్న చోటు చూపించి, "అక్కడ నిలబడు బాబూ, చూస్తూ ఉండు" అన్నారు.

మూడు వారాలు నిలబడ్డాను.

ఇదంతా కాలం వృథా అని తొందరపడి అనేవాళ్లున్నారు. సాయంత్రం ఇంటికెళితే అమ్మ "ఇవాళ ఏం నేర్చుకున్నావురా?" అనేది. "నిలబడ్డానమ్మా" అంటే ఆవిడ ముఖం చిన్నబోయేది. నిలబడటాన్ని విద్యగా గుర్తించని సమాజంలో పెరిగింది, ఆవిడ తప్పేముంది? అసలు అందులో ఉన్న మెళకువలు బయటివాళ్లకి తెలియవు. చేతులు వెనక్కి కట్టుకుంటే తనిఖీకి వచ్చిన పెద్దమనిషిలా ఉందని కోప్పడతారు. జేబులో పెట్టుకుంటే ఇంకా కోప్పడతారు. ఊరికే వేలాడేస్తే బద్ధకం అంటారు. అందుకే తెలివైన అప్రెంటిస్ చేతిలో ఎప్పుడూ కాస్త కాటన్ వేస్ట్, అంటే మెషీన్లు తుడిచే నూలుపోగుల ముద్ద, ఉంచుకుంటాడు. అది చేతిలో ఉన్నవాణ్ణి ఎవరూ ఏమీ అనరు. ఏదో తుడవబోతున్నాడనో, ఇప్పుడే తుడిచి వస్తున్నాడనో సర్దుకుపోతారు. నేను ఒకే ముద్దతో పదకొండు రోజులు గడిపాను, దేన్నీ తుడవకుండా.

కాళ్లకి కాస్త పట్టు చిక్కాక స్టోర్స్‌కి పంపడం మొదలవుతుంది. "ఎడమచేతి వాటం స్క్రూడ్రైవర్ పట్రా." "రసమట్టంలో బుడగ అయిపోయింది, కొత్తది తీసుకురా." "గ్రైండర్‌కి ఒక డబ్బా నిప్పురవ్వలు కావాలన్నానని చెప్పు." వర్క్‌షాపు ఏ దేశంలో ఉన్నా ఇలాంటిది ఒకటైనా కొత్తవాడి చేత అడిగించకుండా వదలరని నా నమ్మకం. నేను నిప్పురవ్వలకి వెళ్లాను. స్టోర్‌కీపర్‌గారు నవ్వలేదు. కళ్లద్దాలు సవరించుకుని, రిజిస్టర్ తెరిచి, సరుకు కోరే కాగితం చూసి, "ఇండెంటు మీద ఫోర్‌మన్ సంతకం ఏదీ?" అన్నారు. వెనక్కి వెళ్లాను. ఫోర్‌మన్‌గారు సంతకం పెట్టారు. చదివి పెట్టారా, చదవకుండా పెట్టారా అన్నది ఈనాటికీ తేలలేదు. పై ఉద్యోగాల్లోకి వెళ్లాక ఎన్నో సంతకాలు చూశాను కానీ, పరిపాలన గురించి నాకు తెలిసినదంతా ఆ ఒక్క కాగితం దగ్గరే తెలిసింది.

రెండో నెలలో చేతికి ఆకురాయి, అంటే ఇనుముని అరగదీసే ఫైలు, ఇచ్చారు. దాంతోపాటు రంపంతో కోసిన ఒక ఇనుప దిమ్మె. అన్ని వైపులా 50 మిల్లీమీటర్లు రావాలి, ముఖాలన్నీ చదునుగా ఉండాలి, మూలలు 90 డిగ్రీలు ఉండాలి. పక్కన కంప్యూటర్‌తో నడిచే ఓ సీఎన్‌సీ మెషీన్ అలాంటి ముక్కల్ని టీ తాగి వచ్చేలోపు చేసి పెడుతోంది. ఆ మెషీన్ ఉండగా చేత్తో ఆకురాయి పెట్టి రాయడం ఎందుకు సార్ అని అడిగాను. "దానికి తెలియదురా, నీకు తెలియాలి" అన్నారు మాస్టారు. దేని గురించో చెప్పలేదు.

వారం తిరిగేసరికి నా దిమ్మెకి బొజ్జ వచ్చింది. మూలలు సరిచూసే మూలమట్టం ఆనించి వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే మధ్యలో ఇనుము తగులుతోంది, రెండు అంచుల కిందనుంచీ వెలుగు వస్తోంది. ఆకురాయి ముందుకు తోసేటప్పుడే కోస్తుంది, వెనక్కి లాగేటప్పుడు నొక్కకూడదు. అంతవరకు తెలుసు. తెలియనిది ఏమిటంటే, తోసే మొదట్లో ఒక చెయ్యి బరువు, చివర్లో ఇంకో చెయ్యి బరువు మార్చుకుంటూ పోకపోతే ఆకురాయి తూగుడుబల్లలా ఊగుతుంది. అటు అంచూ ఇటు అంచూ అరిగి, మధ్య మిగిలిపోతుంది. ఎంత కసిగా రాస్తే అంత గుండ్రం. నేను మంచి కసిమీద ఉన్నాను.

మాస్టారు నా చేతులకేసి చూడను కూడా లేదు. "దిమ్మెని బిగించే వైసు దవడలు నీ మోచేతి ఎత్తున ఉండాలి. ఎడమ కాలు ముందుకి, కుడి కాలు వెనక్కి. తోపు భుజం నుంచి రావాలి, మణికట్టు నుంచి కాదు. నీ తప్పు చేతుల్లో లేదురా, కాళ్లలో ఉంది. నీకు నిలబడటం రాదు" అన్నారు.

మూడు వారాల సీనియారిటీ ఒక్క మాటతో పోయింది.

అప్పటినుంచి చూస్తే షాపులో ప్రతిదీ నిలబడటం మీదే ఆధారపడి ఉంది. గ్రైండర్ ఆన్ చేసేటప్పుడు చక్రానికి ఎదురుగా కాకుండా పక్కకి నిలబడాలి. రాయి పగిలితే ముక్కలు ముందుకే వస్తాయి, ఎదురుగా ఉన్నవాడు పర్మనెంటా అప్రెంటిసా అని అడగవు. లేత్ దగ్గర వదులు చొక్కా, ఉంగరం, గ్లౌజులు పనికిరావు. ముక్కని పట్టి తిప్పే చక్‌లో, దాన్ని బిగించే చక్ కీని వదిలేసి మోటారు వేస్తే అది ఎటు ఎగురుతుందో ముందుగా చెప్పే గేజి ఇంకా రాలేదు. ఇవన్నీ మొదటి రోజే చెప్పొచ్చు కదా అంటారేమో. చెప్పారు. గోడ మీద రాసి ఉంది. నేను సరిగ్గా దాని ముందే నిలబడ్డాను, గోడకి వీపు పెట్టి.

ఈ నిలబడటానికి చరిత్ర కూడా ఉంది. ఇంగ్లండ్‌లో 1563లో చేసిన చట్టం ప్రకారం చేతిపని నేర్చి బతకాలంటే ఏడేళ్లు అప్రెంటిస్‌గా ఉండాలి. ఆ నిబంధన ఎత్తెయ్యడానికి 1814 దాకా పట్టింది. ఈ మధ్యలో జేమ్స్ వాట్ అనే కుర్రాడు 1755లో లండన్ వెళ్లి, కొలత పరికరాలు చేసే పని ఏడాదిలోనే నేర్చుకుని గ్లాస్గో వచ్చేశాడు. అక్కడి పనివాళ్ల సంఘం, న్యాయంగానే, ఊళ్లో దుకాణం పెట్టనివ్వలేదు. 1757లో విశ్వవిద్యాలయం వాళ్లు తమ ఆవరణలో చోటిచ్చి ఈ క్రమశిక్షణారాహిత్యాన్ని ప్రోత్సహించారు. ఫలితం చూశాం: అతను ఆవిరి యంత్రానికి, ఆవిరిని చల్లార్చి నీరు చేసే కండెన్సర్ విడిగా పెట్టి 1769లో పేటెంట్ తీసుకున్నాడు. ఆరేళ్లు తక్కువ నిలబడినవాడే ఇంత చేస్తే, మిగతా ఆరేళ్లూ నిలబడి ఉంటే ఎంత చేసేవాడో! మనకి ఆ అదృష్టం లేదు.

డబ్బు సంగతికి వస్తే, మాకు ఇచ్చేదాన్ని జీతం అనకూడదు, స్టైపెండ్ అనాలి. తేడా ఏమిటంటే జీతం చాలదని అనొచ్చు. స్టైపెండ్ చాలదంటే కృతజ్ఞత లేదంటారు. నెలాఖరున ఆర్డర్లు మీద పడితే మేం కూడా మెషీన్ల మీదే ఉంటాం, అప్పుడు మేం ఉత్పత్తిలో భాగం. మర్నాడు పే షీట్ రాసేటప్పుడు మళ్లీ విద్యార్థులం అయిపోతాం. శిక్షణ అయ్యాక ఉద్యోగానికి వెళితే రెండేళ్ల అనుభవం అడుగుతారు. అప్రెంటిస్‌గా ఉన్న కాలం చూపిస్తే "అది ట్రైనింగ్ కదా" అంటారు.

జీతం పెంచకపోవడంలో పెద్దల దూరదృష్టికీ ఉదాహరణ ఉంది. హెన్రీ మాడ్‌స్లే పన్నెండేళ్లకే తుపాకీ తూటాలు నింపే పనిలో చేరి, పద్దెనిమిదేళ్లకి జోసెఫ్ బ్రామా తాళాల వర్క్‌షాపుకి వచ్చాడు. పనితనంతో అక్కడ పెద్ద ఫోర్‌మన్ అయ్యాడు. 1797లో, వారానికి వస్తున్న 30 షిల్లింగులు పెంచమన్నాడు. బ్రామా కుదరదన్నాడు. మాడ్‌స్లే బయటికి వచ్చి సొంత షాపు పెట్టి, మరలు (స్క్రూలు) కచ్చితంగా కోసే లేత్‌తో పేరు తెచ్చుకున్నాడు. ఆయన బల్ల మీది మైక్రోమీటరుకి (అతి సన్నటి కొలతలు తీసే పరికరం) 'లార్డ్ ఛాన్స్‌లర్' అని పేరు, కొలత దగ్గర తగాదా వస్తే దాని తీర్పే ఆఖరిది. మరలకి అందరికీ ఒకే కొలత ఉండాలని 1841లో ప్రతిపాదించిన జోసెఫ్ విట్‌వర్త్ కూడా ఆ షాపులో పనిచేసినవాడే. ఇవన్నీ పక్కన పెడితే, బ్రామా ఆ వారం కొన్ని షిల్లింగులు మిగిల్చాడు. లెక్కల పుస్తకంలో కనిపించేది అదొక్కటే కదా.

నా దిమ్మె సంగతి మిగిలింది. ఆరు వారాలు రాశాను. బొజ్జ తగ్గింది. దాంతోపాటు దిమ్మె కూడా తగ్గి, 50 రావాల్సింది 47.3 వచ్చింది. నాతో చేరిన అమ్మాయి, నాకంటే తక్కువ మాట్లాడి సరిగ్గా నిలబడినది, రెండు వారాల్లో పూర్తి చేసింది. ఆమె దిమ్మెకి నూనె రాసి కొత్తవాళ్లకి చూపించడానికి అద్దాల బీరువాలో పెట్టారు. నాది కొలిచి, మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత స్టోర్‌కీపర్‌గారు వచ్చి అడిగి తీసుకెళ్లారు, స్టోర్స్ తలుపు గాలికి మూసుకుపోతోందని. ఈసారి ఇండెంటు కూడా అడగలేదు. మొన్న పని మీద అటు వెళితే తలుపు కింద అదే దిమ్మె. ఒంగి, ఎవరూ చూడకుండా ఒక మూల వేలితో తడిమి చూశాను. బొజ్జ ఇంకా కొంచెం ఉంది.