ముస్తాంగ్ మోజు, సిపాయి జీతం

పాత స్పోర్ట్స్ కారు తెర మీదికి వచ్చిందంటే చాలు, అది ఖాళీ రోడ్డు మీద దూసుకుపోవడమే తప్ప ఒక్కసారైనా పెట్రోలు బంకు దగ్గర ఎందుకు ఆగదో నాకు అంతుపట్టదు. 1968 నాటి ‘బులిట్’ చిత్రంలో, శాన్‌ఫ్రాన్సిస్కో వాలు వీధుల్లో సాగే ఛేజింగులో అదే ఆకుపచ్చ ఫోక్స్‌వ్యాగన్ పదే పదే ఎదురవుతుంది, విలన్ల నల్ల డాడ్జ్ చార్జర్ కారుకు నాలుగు చక్రాలే ఉన్నా వీల్ క్యాపులు మాత్రం అంతకు మించి ఊడిపోతాయి; అయినా హీరో స్టీవ్ మెక్వీన్ నడిపే ఫోర్డ్ ముస్తాంగ్ కారు అనగానే అందరూ మైమరచిపోతారు. ఆ కారే 2020 వేలంలో 34 లక్షల డాలర్లకు పోయింది. 1964లో ముస్తాంగ్ మార్కెట్లోకి వచ్చినప్పుడు ధర 2,368 డాలర్లు. వియత్నాం నుంచి తిరిగొచ్చిన కుర్ర సైనికులు దాచుకున్న జీతంతో అలాంటి కార్లు కొనుక్కున్నారంటే అర్థముంది.

నా మంట ఇప్పటి వ్యవహారం మీద. అమెరికా సైనిక స్థావరాల గేటు దాటగానే వరుసకట్టిన కార్ల దుకాణాలు ఈ పాత మోజునే కొత్త ముస్తాంగ్ రూపంలో పందొమ్మిదేళ్ల సిపాయికి భారీ వడ్డీతో అంటగడుతున్నాయి. సైనికుల అప్పులపై వడ్డీ 36 శాతం మించరాదని 2006లో చట్టం చేశారు, బాగానే ఉంది. కానీ కొంటున్న కారునే తాకట్టుగా పెట్టి, ఆ కారు కొనడానికి తీసుకునే అప్పును అందులోంచి మినహాయించారు. ఇంత ఘనమైన చట్టం చేసినవారికి సిపాయి మొదటి జీతం దేనికి పోతుందో తెలియదా?