మ్యాన్ పేజీ గారికి, ఉభయకుశలోపరి

మారతహళ్ళి, బెంగళూరు.

లినక్స్‌లో ఏ కమాండు ఎలా వాడాలో చెప్పే మాన్యువల్ పేజీ, అనగా మహారాజశ్రీ మ్యాన్ పేజీ గారికి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, మా వైఫై తప్ప.

నేనెవరో మీకు గుర్తుండకపోవచ్చు. ఎస్పీ రోడ్డులో సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొని, విండోస్ బదులు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి, "ఇక నేనూ డెవలపర్నే" అని అమ్మకి ఫోన్ చేసి చెప్పిన కుర్రాణ్ణి. ఆ రాత్రే వైఫై రాలేదు. వైఫైని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ దించుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు. ఫోన్‌కి కేబుల్ తగిలించి టెథరింగ్ పెట్టి ఫోన్ నెట్టే వాడుకుంటే ఐదు నిమిషాల పనని తెలిసేసరికి మూడు రోజులు గడిచాయి.

మా టీములో ఒంగోలు అన్న ఒకాయన ఉన్నాడు. బంగారం లాంటి మనిషి, బిర్యానీ బిల్లు ఎప్పుడూ ఇంకొకర్ని కట్టనివ్వడు. లినక్స్ గురించి ఏమడిగినా మాత్రం ఒకటే మాట: "మ్యాన్ చూశావా తమ్ముడూ?" పైగా ఆయన్ని అడగడానికి మడి కట్టుకోవాలి. అప్పటిదాకా ఏమేం ప్రయత్నించామో ముందు చెప్పాలి. ఎర్రర్‌ని ఫొటో తీసి పంపకూడదు, అక్షరం పొల్లుపోకుండా టెక్స్టుగా పంపాలి. "పనిచెయ్యట్లేదన్నా" అని ఊరుకున్నామా, మైలపడ్డట్టే. (ఆ మడిలో న్యాయం లేకపోలేదు. ఎర్రర్ ఏమిటో చెప్పకుండా మందు చెప్పమంటే ఎవరు మాత్రం చెప్తారు? కానీ ఇది ఆయన ఎదురుగా ఒప్పుకోను.) 2001లోనే లినక్స్ బెంగళూరు అని పేరుపెట్టి సభలు జరుపుకున్న ఊళ్ళో బతుకుతూ, ఫైల్ కాపీ చెయ్యడమెలా అని ఇంకొకర్ని అడగడానికి నాకూ మొహం చెల్లలేదు.

సరేనని మీ దర్శనానికే వచ్చాను. ఫైళ్ళ జాబితా చూపే ఎల్ఎస్ కమాండు గురించి తెలుసుకుందామని, కమాండ్లు కొట్టే టెర్మినల్ తెరిచి "మ్యాన్ ఎల్ఎస్" అని కొట్టాను. కమాండు ఎలా రాయాలో చూపే సినాప్సిస్ అన్నచోట ఎల్ఎస్, పక్కన చదరపు బ్రాకెట్లలో ఆప్షన్, మూడు చుక్కలు, మళ్ళీ బ్రాకెట్లలో ఫైల్, మళ్ళీ మూడు చుక్కలు. నేను బుద్ధిమంతుణ్ణి కదా, బ్రాకెట్లూ చుక్కలూ సహా ఉన్నదున్నట్టు కొట్టేశాను. ఆప్షన్ అనే పేరుతో ఫైలేదీ లేదని కంప్యూటర్ విసుక్కుంది. బ్రాకెట్లో ఉన్నది ఇచ్చినా మానినా మన ఇష్టమనీ, చుక్కలంటే ఎన్నైనా ఇవ్వచ్చనీ అర్థమట. ఆ ముక్క ఎక్కడ రాశారయ్యా అని వెతికితే, "మ్యాన్ మ్యాన్" అని కొడితే వచ్చే పేజీలో ఉంది. అంటే మిమ్మల్ని చదవడానికి ముందు మిమ్మల్ని చదివి రావాలి.

మీ ఇల్లేమో ఎనిమిది గదుల లోగిలి, గదికో సెక్షన్ నంబరు. 1లో కమాండ్లు, 5లో ఫైళ్ళ స్వరూపాలు, 8లో అడ్మిన్ పనులు. ఆటల కోసం 6 కట్టించారు, రసికులు. పాస్‌వర్డ్ ఫైల్లో ఏ వరసలో ఏముంటుందో చూద్దామని వస్తే, పాస్‌వర్డ్ మార్చుకునే పద్ధతి చెప్పి పంపించేశారు. పేరుకి ముందు 5 పెట్టి అడగాలట. పేరే తెలియకపోతే, మాటని బట్టి పేజీలు వెతికిపెట్టే ఆప్రొపో అనే కమాండుని అడగమన్నారు. ఆప్రొపో అనే ఆయన ఒకరున్నారని నాకెవరు చెప్తారండీ?

ఆఫీసులో ఇంకో విడ్డూరం. అక్కడ మా పనంతా కంటెయినర్లలో, అంటే ప్రోగ్రాం నడవడానికి కావలసినంత సరంజామాతో కట్టిన చిన్న పెట్టెల్లో. ఆ పెట్టెకి అచ్చులాంటి ఇమేజ్ బరువు తగ్గించాలని అందులోంచి ముందు మిమ్మల్నే తీసి పారేస్తారు. అక్కడ నిలబడి మ్యాన్ కొడితే, ఈ సిస్టమ్‌ని కుదించామని ఒక నోటీసు కనబడుతుంది. "అన్నా, మ్యాన్ లేదు" అంటే ఆయన తలెత్తకుండానే "మరి ఇన్‌స్టాల్ చేసుకో" అంటాడు.

మీ గొప్పతనం చెప్పకపోతే కళ్ళు పోతాయి. 1971 నవంబర్ 3 తేదీతో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ తాము సృష్టించిన, లినక్స్‌కి నమూనా అయిన యూనిక్స్‌కి మొదటి మాన్యువల్ తయారుచేసినప్పుడే మీ పేజీలకి బగ్స్ అని ఒక శీర్షిక ఉంది. మా దాంట్లో ఫలానా లోపముంది, చూసుకోండి అని సొంతవాళ్ళే రాసి పెట్టడం. మా పీజీ ఓనరు రెండు నెలల అడ్వాన్స్ తీసుకుంటూ వేడినీళ్ళు, మూడు పూటలా ఆంధ్రా భోజనం అని వర్ణించాడే గానీ, మంచంలో నల్లుల సంగతి ఎత్తనేలేదు. బగ్స్ శీర్షిక ఆ అగ్రిమెంటులో కదా ఉండాల్సింది! ఆ మొదటి మాన్యువల్లో ఓనర్ అని ఇంకో శీర్షిక కూడా ఉండేది, ఆ ప్రోగ్రాం ఎవరిదో తెలిసేట్టు. మా ఓనరు ఫోనెత్తడు.

ఇక నా అసలు మనవి. ఉదాహరణలు కాస్త ముందు పెట్టించండి. ఫైళ్ళని మూటకట్టి విప్పే టార్ కమాండు దగ్గరికి వచ్చేవాడు ఒక ఫైలు విప్పుకుందామని వస్తాడు, వంశచరిత్ర వినడానికి కాదు.

ఇట్లు,
మీ పాఠకుడు

తా.క.: మీ దగ్గరికొచ్చిన ప్రతిసారీ వెనక్కి వెళ్ళే దారి తెలియక, కంట్రోల్ సీ కొట్టి, ఎస్కేప్ కొట్టి, చివరికి టెర్మినల్ మూసేసి మళ్ళీ తెరిచేవాణ్ణి. ఇలా నాలుగు నెలలు. క్యూ నొక్కితే చాలని స్క్రీన్ అట్టడుగు వరసలో మొదటి రోజునుంచీ రాసే ఉందని తర్వాత తెలిసింది. నిన్న రాత్రి మా గదిలో కొత్తగా దిగిన కర్నూలు తమ్ముడు "అన్నా, ఇందులోంచి బయటికెలా రావాలి?" అని అడిగాడు. వాడికి వారం గడువిచ్చాను.