పాతకాలం జైళ్లలో క్షమాభిక్షే లేదా?

ఆగస్టు 15 దగ్గర పడితే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ మళ్లీ తిరుగుతుంది: “200 ఏళ్ల కిందట శిక్ష పడితే చివరి రోజు దాకా లోపలే. సత్ప్రవర్తన పేరుతో ఖైదీలను వదలడం ఈ కాలపు ఓట్ల రాజకీయం. అప్పట్లో ఎవరినైనా వదిలినా నిజంగా మారినవాళ్లనే వదిలేవారు, వాళ్లు మళ్లీ జైలు మొహం చూడలేదు.” మూడు మాటలూ తప్పే.

న్యూయార్క్ రాష్ట్రం 1817లోనే చట్టం చేసింది. ఐదేళ్లు, ఆపైన శిక్ష పడిన ఖైదీ బుద్ధిగా ఉండి, తన పనితో జైలుకు కొంత ఆదాయం తెస్తే శిక్షలో నాలుగో వంతు తగ్గించవచ్చు. అంతకు ముందే, 1801లో, ఆస్ట్రేలియాలో బ్రిటన్ తన ఖైదీలను పంపే న్యూ సౌత్ వేల్స్ కాలనీ గవర్నర్ కింగ్ ‘టికెట్ ఆఫ్ లీవ్’ మొదలుపెట్టాడు. అది చేతిలో ఉన్న ఖైదీ శిక్ష పూర్తికాకముందే సొంతంగా పని చేసుకుని బతకొచ్చు. ఆ కాలనీలో అప్పటికి ఎన్నికలే లేవు, ఇక ఓట్లెక్కడివి?

మారినవాళ్లనే వదిలారన్న మాట మరీ విడ్డూరం. న్యూయార్క్ ఆ చట్టాన్ని దాదాపు వాడనే లేదు. అక్కడి న్యూగేట్ జైలు కిక్కిరిసిపోయి, కొత్తగా వచ్చేవాళ్లకు చోటు కోసం పాతవాళ్లకు క్షమాభిక్ష పెట్టి పంపేసేవారు. అది అంత ధారాళంగా దొరుకుతుంటే నాలుగో వంతు కోసం ఎవరు కాచుకుని కూర్చుంటారు? కింగ్‌కూ లెక్కలే ముఖ్యం. తమ తిండి తాము సంపాదించుకోగలవాళ్లకు టికెట్ ఇస్తే సర్కారు గోదాములో ధాన్యం మిగులుతుంది. 1814-15లో అదే కాలనీలో, రోడ్డు పని చేయించిన విలియం కాక్స్ కింద 30 మంది ఖైదీలు బ్లూ మౌంటెన్స్ కొండల మీదుగా 160 కిలోమీటర్ల రోడ్డును ఆరు నెలల్లో వేస్తే, వాళ్లకు విడుదల దొరికింది. నన్నడిగితే అది దయ కాదు, కూలి.

(ఇప్పటి విడుదల జాబితాల మీద అనుమానాలుంటే అడగండి, తప్పులేదు. దానికి ఈ కట్టుకథ దేనికి?)

ఇక మళ్లీ జైలుకు రాలేదన్నది. 1821 చివర న్యూయార్క్‌లోని ఆబర్న్ జైల్లో 80 మందిని పనీ పాటా లేకుండా ఒంటరి గదుల్లో పెట్టారు. ఏడాదిలో ఐదుగురు చనిపోయారు, ఒకరికి మతి చలించింది. ఇక లాభం లేదని గవర్నర్ 26 మందికి క్షమాభిక్ష పెట్టాడు. 1831లో అమెరికా జైళ్లు చూడటానికి ఫ్రాన్స్ నుంచి వచ్చిన బోమాన్, టాక్విల్ తమ నివేదికలో ఆ తర్వాతి సంగతీ రాశారు: ఆ 26 మందిలో 14 మంది కొద్దికాలానికే కొత్త నేరాలు చేసి మళ్లీ జైలుకొచ్చారు.