ఫవలోరో: ఒక్క మనిషి పరపతి మీద నడిచిన ఆసుపత్రి

1967లో గుండె ఆపరేషన్ అనగానే లోకమంతా మాట్లాడుకున్నది ఒక్కదాని గురించే. డిసెంబరు 3న కేప్‌టౌన్‌లో క్రిస్టియాన్ బర్నార్డ్ ఒకరి గుండెను ఇంకొకరికి అమర్చారు. అంతకు ఏడు నెలల ముందు, మే 9న, అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో రెనె ఫవలోరో అనే అర్జెంటీనా సర్జన్ చేసిన ఆపరేషన్‌కు అంత హడావుడి లేదు. పేషెంట్ 51 ఏళ్ల మహిళ. గుండెకు రక్తం అందించే కుడి కరోనరీ ధమని పూర్తిగా మూసుకుపోయింది. ఫవలోరో ఆమె కాలి నుంచి సిర ముక్క తీసి అక్కడ కుట్టారు. కొద్ది రోజులకు యాంజియోగ్రామ్ (రక్తనాళాల ఎక్స్‌రే) తీస్తే రక్తం చక్కగా పారుతోంది. ఇవాళ ప్రపంచంలో గుండె మార్పిడులు ఏటా వేలల్లో జరుగుతుంటే, ఆ ఆపరేషన్ నుంచి వచ్చిన బైపాస్‌లు లక్షల్లో జరుగుతున్నాయి.

33 ఏళ్ల తర్వాత, 2000 జులై 29న, ఫవలోరో బ్యూనస్ ఎయిరిస్‌లోని తన ఇంట్లో ప్రాణం తీసుకున్నారు. అప్పటికి ఆయన వయసు 77. ఆయన స్థాపించిన ఫౌండేషన్ అప్పుల్లో కూరుకుపోయి ఉంది. అప్పట్లో వార్తల్లో వచ్చిన లెక్క దాదాపు 1.8 కోట్ల డాలర్లు.

ఈ జీవితాన్ని త్యాగం కథగా చెప్పడం అందరికీ అలవాటైపోయింది. వడ్రంగి కొడుకు, పల్లెటూరి డాక్టరు, అమెరికా వెళ్లి పేరు తెచ్చుకున్నాడు, డాలర్లు కాదనుకుని స్వదేశానికి వచ్చాడు, వ్యవస్థ చేతిలో బలైపోయాడు. ఇందులో అబద్ధం ఏదీ లేదు. కానీ ఇలా చెప్పినప్పుడల్లా త్యాగాన్ని మెచ్చుకుని లేచిపోతాం. ఆపరేషన్ థియేటర్ కరెంటు బిల్లు, నర్సుల జీతాలు, మందుల ఖర్చు ఎవరు కట్టాలన్న ప్రశ్న అక్కడే మిగిలిపోతుంది. ఫవలోరో జీవితాన్ని ఆ ప్రశ్న వైపు నుంచి చూడాలని నా అభిప్రాయం.

ఆయన 1923లో లా ప్లాటా నగరంలో పుట్టారు. తండ్రి వడ్రంగి, తల్లి బట్టలు కుట్టేవారు. సిసిలీ నుంచి వలస వచ్చిన కుటుంబం. మెడిసిన్ పూర్తయ్యాక ఆసుపత్రి ఉద్యోగం చేతికందే దశలో ఒక కాగితం మీద సంతకం పెట్టమన్నారు. అప్పుడు అధికారంలో ఉన్న పెరాన్ ప్రభుత్వ సిద్ధాంతాన్ని ఒప్పుకుంటున్నట్టు రాసివ్వాలి. ఆయన పెట్టలేదు. 1950లో లా పాంపా ప్రాంతంలోని హసింటో అరావుస్ అనే చిన్న ఊరికి వెళ్లిపోయారు. అక్కడి డాక్టరుకు జబ్బు చేస్తే తాత్కాలికంగా చూసుకోవడానికి వెళ్లిన మనిషి 12 ఏళ్లు ఉండిపోయారు.

జీవిత చరిత్రలు ఈ 12 ఏళ్లను ఒక అందమైన విరామంలా రాస్తాయి. నాకైతే ఆయన అసలు చదువు ఇక్కడే జరిగిందనిపిస్తుంది. ఆ ఊళ్లో ఎక్స్‌రే లేదు, ల్యాబ్ లేదు, ఆపరేషన్ గది లేదు. తనతో కలిసిన తమ్ముడు హువాన్ హోసేతో కలిసి ఒక్కొక్కటీ సమకూర్చుకున్నారు. రక్తం నిల్వ చేసే వసతి లేదు కాబట్టి ఊరివాళ్ల బ్లడ్ గ్రూపులు రాసిపెట్టుకుని, అవసరమైనప్పుడు కబురు పంపితే వచ్చి ఇచ్చేలా ఏర్పాటు చేశారు. మంత్రసానులకు శుభ్రత నేర్పారు, తల్లులకు పిల్లల పెంపకం గురించి చెప్పారు. ఒక డాక్టరు ఎంత గొప్పవాడైనా చుట్టూ ఏర్పాట్లు లేకపోతే చేయగలిగింది తక్కువేనని ఆయనకు పుస్తకాల్లో కాదు, అక్కడ తెలిసింది.

1962లో క్లీవ్‌లాండ్ క్లినిక్‌కు వెళ్లేసరికి ఆయనకు దాదాపు 39 ఏళ్లు. ఆ వయసులో మళ్లీ శిష్యరికం. అమెరికాలో ప్రాక్టీసు చేయడానికి పరీక్షలు రాయాలి, ఇంగ్లిష్ అంతంతమాత్రం. పగలు ఆపరేషన్ థియేటర్‌లో ఏ పని చెబితే అది చేసి, ఆ తర్వాత బేస్‌మెంట్‌లో ఉన్న గుండె డాక్టరు మేసన్ సోన్స్ ల్యాబ్‌కు వెళ్లి గంటల తరబడి యాంజియోగ్రామ్ ఫిల్ములు చూసేవారు. 1958లో సోన్స్ ఒక పేషెంటుకు పరీక్ష చేస్తుండగా కాథెటర్ అనే సన్నటి గొట్టం జారి కరోనరీ ధమనిలోకి వెళ్లింది. ఎక్స్‌రేలో నాళాలు కనిపించడానికి ఎక్కించే డై అంతా అందులోకి పోయింది. పేషెంట్ చనిపోతాడనే అనుకున్నారు. చనిపోలేదు. అప్పటిదాకా ఎవరూ చేయడానికి సాహసించని కరోనరీ యాంజియోగ్రఫీ అలా మొదలైంది. బ్లాక్ ఎక్కడుందో, దాని అవతల నాళం బాగుందో లేదో కంటికి కనిపించడం వైద్యంలో కొత్త సంగతి. చేతి నైపుణ్యం ఉన్న సర్జన్లు అప్పటికే చాలామంది ఉన్నారు. ఆ ఫిల్ముల ముందు అన్ని గంటలు కూర్చున్న సర్జన్లు తక్కువ.

అంతకుముందు ఆ క్లినిక్‌లో వైన్‌బర్గ్ పద్ధతి నడిచేది. ఛాతీ లోపలి ధమనిని తెచ్చి గుండె కండరంలో గుచ్చి వదిలేయడం, కొత్త నాళాలు వాటంతట అవే పుడతాయని ఎదురుచూడడం. ఫవలోరో కూడా అవి చేశారు. అదే ఆసుపత్రిలో మూత్రపిండాల ధమని మూసుకుపోతే కాలి సిరతో సరిచేయడం మామూలే. అది గుండెకు ఎందుకు పనికిరాదు? ప్రశ్న ఇంతే. మొదట మూసుకుపోయిన ముక్కను కోసి ఆ స్థానంలో సిరను అతికారు. ఆ తర్వాత ఒక చివర మహాధమనికీ, రెండో చివర బ్లాక్ దాటాక నాళానికీ కుట్టే పద్ధతికి వచ్చారు. మనందరికీ తెలిసిన బైపాస్ అదే.

అయితే మొదటివాడు ఆయనేనా? కచ్చితంగా చెప్పాలంటే కాదు. 1960లో న్యూయార్క్‌లో గోయెట్జ్, 1964లో లెనిన్‌గ్రాడ్‌లో కొలెసోవ్ ఛాతీ ధమనిని కరోనరీకి కలిపారు. హ్యూస్టన్‌లో డిబేకీ బృందం 1964లోనే కాలి సిరతో చేసింది గానీ 1973 దాకా ప్రచురించలేదు. ఈ వాదనలో నాకు పెద్దగా ఆసక్తి లేదు. ఒక్కసారి చేయడం వేరు, వేరే ఊళ్లో వేరే సర్జన్ కూడా అదే ఫలితంతో చేయగలిగేలా మెట్టు మెట్టుగా రాసిపెట్టడం వేరు. 1970లో ఈ ఆపరేషన్ మీద ఫవలోరో పుస్తకం వచ్చేనాటికి క్లీవ్‌లాండ్‌లో ఇది రోజువారీ ఆపరేషన్. ఫవలోరో కూడా ‘నేను’ అని కాకుండా ‘మేము’ అనే చెప్పుకునేవారు. ముందు చేసినవాళ్ల పేర్లు తన వ్యాసాల్లో తానే రాశారు.

1971లో ఆయన రాజీనామా చేసి బ్యూనస్ ఎయిరిస్ వచ్చేశారు. క్లీవ్‌లాండ్‌లాంటి కేంద్రం, అంటే వైద్యం, పరిశోధన, బోధన ఒకేచోట ఉండే సంస్థను లాటిన్ అమెరికాలో కట్టాలన్నది ఆలోచన. మొదట ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేశారు. 1975లో ఫౌండేషన్ పెట్టారు, 1992లో సొంత హాస్పిటల్ తెరిచారు. లాటిన్ అమెరికా దేశాల నుంచి వందలమంది డాక్టర్లు వచ్చి ఆయన దగ్గర శిక్షణ పొందారు. కట్టడం వరకు ఆయన గెలిచారనే చెప్పాలి.

కానీ క్లీవ్‌లాండ్‌లో ఆపరేషన్ వెనుక ఇంకొకటి ఉంది. బైపాస్ పుట్టడానికి ఏడాది ముందు, 1966లో, అమెరికాలో వృద్ధులకు మెడికేర్ మొదలైంది. ప్రైవేటు ఇన్సూరెన్స్ అప్పటికే ఉంది. బిల్లు కట్టేవాడు ఉన్నాడు కాబట్టే ఆ ఆపరేషన్ అంత వేగంగా అమెరికా అంతటా పాకింది. ఫవలోరో తన వెంట టెక్నిక్‌ను తెచ్చుకోగలిగారు, శిక్షణ పద్ధతిని తెచ్చుకోగలిగారు. బిల్లు కట్టేవాణ్ని సూట్‌కేసులో పెట్టుకుని తేలేరు కదా! అర్జెంటీనాలో ఆ పని యూనియన్ల ఆరోగ్య నిధులది, పెన్షనర్లకైతే పామి అనే ప్రభుత్వ సంస్థది. పామి కూడా ఆయన తిరిగొచ్చిన 1971లోనే పుట్టింది. 1998 నుంచి దేశం మాంద్యంలో పడ్డాక ఇవి ఫౌండేషన్‌కు ఇవ్వాల్సిన డబ్బు నెలల తరబడి ఇవ్వలేదు. పేషెంట్లు వస్తూనే ఉన్నారు, చేర్చుకుంటూనే ఉన్నారు, బకాయిలు పెరుగుతూనే ఉన్నాయి.

రెండో కారణం గురించి తక్కువ మాట్లాడతారు. పేషెంటును పంపిన డాక్టరుకు కమీషన్ ఇవ్వడం అక్కడ వాడుక. ఫవలోరో ఇవ్వనన్నారు. ఆ నిర్ణయం వల్ల కొందరు కార్డియాలజిస్టులు పేషెంట్లను ఇంకోచోటికి మళ్లించారని ఆయనే తన చివరి లేఖల్లో ఆవేదనతో రాశారు. ఆదాయం రెండు వైపుల నుంచీ తగ్గింది. డబ్బు కట్టగలిగిన పేషెంట్లు కమీషన్ ఇచ్చే చోటికి పోయారు. మిగిలినవాళ్ల బిల్లులు బకాయి ఖాతాలో పడ్డాయి. ఇలాంటి మార్కెట్‌లో నిజాయితీ అనేది నెలనెలా కట్టాల్సిన ఖర్చు.

ఆ లోటును పూడ్చడానికి ఆయన దగ్గరున్నది సొంత పేరు ఒక్కటే. ఫోన్లు చేశారు, తలుపులు తట్టారు, దేశాధ్యక్షుడు దె లా రువాకు లేఖ రాశారు. తాను బిచ్చగాడినైపోయానని చివరి రోజుల్లో రాసుకున్నారు. 77 ఏళ్ల సర్జన్ చందాల కోసం తిరగాల్సి రావడాన్ని కేవలం ప్రభుత్వ నిర్లక్ష్యం అని తేల్చేయలేను. ఒక వ్యక్తి పరపతి మీద అప్పు పుడుతున్నంత కాలం ఆసుపత్రికి ఖాయమైన ఆదాయం లేదన్న సంగతి ఎవరికీ పట్టదు. మంత్రులకు పట్టదు, బ్యాంకులకు పట్టదు, అభిమానులకు అసలే పట్టదు. ఫవలోరో ఉన్నారుగా, చూసుకుంటారులే అనుకుంటారు.

ఆత్మహత్యను ఒక్క బ్యాలెన్స్ షీటుతో వివరించలేమన్నది కూడా ఇక్కడే చెప్పాలి. మనసులో ఏం జరిగిందో లేఖలు పూర్తిగా చెప్పవు. అదే అప్పుతో బతికిన సంస్థలు, మనుషులు ఎందరో ఉన్నారు.

పైగా నా వాదనకు ఎదురు నిలిచే నిజం ఒకటుంది. 2001 డిసెంబరులో అర్జెంటీనా దేశమే అప్పులు కట్టలేనని చేతులెత్తేసింది. ఆ దెబ్బకు కూడా ఫౌండేషన్ మూతపడలేదు. ఆసుపత్రి ఇవాళ్టికీ నడుస్తోంది, ఆయన పేరుతో యూనివర్సిటీ ఉంది, గుండె మార్పిడులు, అవయవ మార్పిడులు జరుగుతున్నాయి. ఆయన తయారుచేసిన మనుషులు అప్పటికే సరిపడా ఉన్నారన్నమాట. బకాయిలు, కమీషన్ల సమస్య మాత్రం ఆయనతో పోలేదు. తన తర్వాత కూడా సంస్థ నిలబడేంత బలంగా ఉందని 2000 జులైలో ఆయనకు నమ్మకం కలిగించగలిగిన లెక్కల పుస్తకం ఏదీ బ్యూనస్ ఎయిరిస్‌లో లేదు.