'అవేక్'ని ఐదో స్థానంలో పెట్టినవాళ్లకు నా జవాబు

మొన్న ఆదివారం మా గ్రూపులో అమెరికా మెటల్ బ్యాండ్ డ్రీమ్ థియేటర్ ఆల్బమ్స్ మీద ఓటింగ్ పెట్టారు. అనంతపురం, కడప, కర్నూలు వైపు మెటల్ వినేవాళ్లమంతా ఒకచోట చేరిన గ్రూపు అది. ఫలితం ఎప్పుడూ వచ్చేదే వచ్చింది. మొదట 'సీన్స్ ఫ్రమ్ ఎ మెమరీ', రెండోది 'ఇమేజెస్ అండ్ వర్డ్స్', ఆ తర్వాత 'ఆక్టవేరియం', 'ట్రైన్ ఆఫ్ థాట్'. 'అవేక్' ఐదోది. 2025లో వచ్చిన 'పారాసోమ్నియా'కీ దానికీ ఒకే ఒక్క ఓటు తేడా. గ్రూపులో రాస్తే గుడ్ మార్నింగ్ ఫొటోల కింద కొట్టుకుపోతుంది కాబట్టి ఇక్కడే రాస్తున్నా. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

నా మాట ముందే చెప్పేస్తా. ఈ బ్యాండ్ చేసిన పదహారు స్టూడియో ఆల్బమ్స్‌లో 1994లో వచ్చిన 'అవేక్'ని మించింది లేదు. వేరే ఏ ఆల్బమ్‌లోనూ వీళ్లు ఇంత నిజంగా వినపడలేదు.

కొత్తగా వినేవాళ్ల కోసం నాలుగు మాటలు. 1985లో బోస్టన్‌లోని బర్క్‌లీ మ్యూజిక్ కాలేజీలో చదువుకుంటున్న ముగ్గురు కుర్రాళ్లు, గిటార్ జాన్ పెట్రూచి, బేస్ జాన్ మయుంగ్, డ్రమ్స్ మైక్ పోర్ట్‌నోయ్, కలిసి పెట్టిన బ్యాండ్ ఇది. కీబోర్డుకి కెవిన్ మూర్ వచ్చాడు. 1989లో మొదటి ఆల్బమ్. తర్వాత జేమ్స్ లబ్రీ గాయకుడిగా చేరాక 1992లో 'ఇమేజెస్ అండ్ వర్డ్స్'. అందులో మొదటి పాట ఎనిమిది నిమిషాలకు పైనే ఉండి కూడా రేడియోలో, ఎంటీవీలో హిట్టయింది. ఆ హిట్టే వీళ్ల నెత్తిన కూర్చుంది. అలాంటిదే ఇంకోటి కావాలని రికార్డు కంపెనీ ఒత్తిడి పెట్టింది. అదే సమయంలో అమెరికాలో గ్రంజ్ అనే కొత్త రకం రాక్ ఊపు మీద ఉంది, మెటల్ బ్యాండ్లను అడిగే దిక్కు లేదు. 'అవేక్' పుట్టింది ఆ టెన్షన్‌లో.

'ఇమేజెస్ అండ్ వర్డ్స్' మీద నాకు ఏ కోపమూ లేదు. దాని చివరి పాట వింటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. కానీ ఆ ఆల్బమ్‌లో స్నేర్ శబ్దం, అంటే డ్రమ్ సెట్టులో టక్‌మని మోగే డ్రమ్ శబ్దం, ఒకసారి శ్రద్ధగా వినండి. ప్రతి దెబ్బా ఒకేలా, అచ్చు గుద్దినట్టు పడుతుంది. అది ట్రిగ్గర్ పెట్టి, అంటే దెబ్బ పడగానే ముందే రికార్డు చేసిన శబ్దం మోగేలా, చేయించిన శబ్దం. పోర్ట్‌నోయ్‌కే అది నచ్చలేదని ఆ తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు. అంత గొప్ప డ్రమ్మర్ చేతి బరువు ఆ రికార్డులో మనకు చేరనే లేదు. 'అవేక్'లో చేరింది. మొదటి పాట మొదలయ్యేదే డ్రమ్స్‌తో, ఆ మొదటి క్షణాల్లోనే తేడా తెలిసిపోతుంది.

ఇక 'సీన్స్'. మనవాళ్లు దాన్ని నెత్తిన పెట్టుకోవడానికి రెండు కారణాలు ఉన్నాయని నా అభిప్రాయం. మొదటిది, మన దగ్గరికి ముందు చేరింది అదే. 2000ల్లో అనంతపురంలో క్యాసెట్ షాపుకి పోతే తెలుగు, హిందీ, భక్తి పాటలు, అంతే. బెంగళూరులో ఇంజినీరింగ్ చదివేవాళ్లు పండక్కి ఊరొస్తూ సీడీలు రైట్ చేసి తెచ్చేవాళ్లు. హాస్టల్లో ఏది నడుస్తుంటే అదే ఆ సీడీలో ఉండేది, అక్కడ నడిచేది 'సీన్స్'. పైన మార్కర్‌తో బ్యాండు పేరు ఒక్కటే రాసి ఉండేది, లోపల ఏ ఆల్బమో కూడా రాసేవాళ్లు కాదు. మనలో చాలామందికి డ్రీమ్ థియేటర్ అంటే ఆ సీడీయే. మొదట విన్నదాని మీద మమకారం ఉంటుంది, తప్పేం లేదు. కానీ మమకారం వేరు, ఓటు వేరు.

రెండో కారణం కథ. 1999లో వచ్చిన ఆ ఆల్బమ్ మొత్తం పునర్జన్మ కథ. నికొలస్ అనే అతను హిప్నాటిజం చేయించుకుంటే, పోయిన జన్మలో తాను విక్టోరియా అనే అమ్మాయినని, తనను చంపేశారని బయటపడుతుంది. అన్నదమ్ములిద్దరి మధ్య ఆ అమ్మాయి, హత్య, చివర్లో మలుపు. పోయిన జన్మ పగ, ఈ జన్మలో గుర్తుకు రావడం అంటే తెలుగువాడికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మనం పెరిగిందే ఆ కథల మీద. అందుకే మొదటిసారి విన్నప్పుడే మనకు అతుక్కుంటుంది. నాకూ అతుక్కుంది, ఇప్పటికీ వింటాను. కానీ కథ పక్కన పెట్టి ఒక్కో పాటనీ విడిగా వినండి. కొన్ని పాటలు కథను ముందుకు జరపడానికే ఉన్నాయి. ఆ పని అయిపోయాక వాటి దగ్గర చెప్పడానికి ఇంకేం ఉండదు.

ఆ ఆల్బమ్‌లో మనవాళ్లు దండం పెట్టే పాట ఒకటుంది, 'ద డ్యాన్స్ ఆఫ్ ఇటర్నిటీ'. మాటలు లేవు, ఆరు నిమిషాలు, అందులో తాళం వందసార్లకు పైగా మారుతుంది. "వందసార్లు మారుతుంది బ్రో" అనడమే గ్రూపులో పెద్ద వాదన. ఏడు లెక్కల నడక అమెరికావాడికి వింత కావచ్చు. మనకెందుకు వింత? మిశ్ర చాపు మనం పుట్టినప్పటి నుంచీ చెవిన పడుతున్నదే. తకిట తకధిమి, అదే ఏడు. తక తకిట, అదే ఐదు. అన్నమయ్య పుట్టిన తాళ్లపాక కూడా ఈ సీమలోదే. చుక్కలు లెక్కపెట్టి ముగ్గు బాగుందని ఎవరైనా అంటారా?

మా ఫ్రెండు వాళ్ల నాన్న మృదంగం వాయిస్తారు. గుళ్లో కచేరీలకు పోయే మనిషి, ఇంట్లో పిల్లలకు నేర్పిస్తారు. ఒకరోజు వాళ్లింట్లో ఆయనకు ఈ పాట వినిపించాం. కళ్లు మూసుకుని తొడ మీద చెయ్యి వేసుకున్నారు. మొదట్లో వేళ్లు కదిలాయి, దాదాపు తప్పకుండా పట్టుకున్నారు. మధ్యలో పాతకాలపు అమెరికా బార్లలో వాయించే పియానోలా వచ్చే ముక్క దగ్గర నవ్వారు. ఆ తర్వాత చెయ్యి ఆగిపోయింది. అయిపోయాక ఒకటే అన్నారు: "లెక్క బాగనే ఉందప్పా. పాట యాడుంది?"

తర్వాత 'అవేక్' పెట్టాం. ఆయనకు అంతా నచ్చిందని చెప్పను. 'ద మిర్రర్' మొదలవగానే సౌండు తగ్గించమన్నారు. కానీ 'లిఫ్టింగ్ షాడోస్ ఆఫ్ ఎ డ్రీమ్' దగ్గర తల పైకెత్తారు. మయుంగ్ బేస్ తీగల మీద హార్మోనిక్స్‌తో, అంటే తీగని తేలిగ్గా తాకి తీసే గంటలాంటి శబ్దంతో, మొదలుపెట్టే పాట అది, మాటలూ అతనివే. నోరు తెరిచి మాట్లాడటమే అరుదైన మనిషి రాసిన మాటలు. ఆ మొదలు రెండోసారి వినిపించమన్నారు. గిటార్ వచ్చాక కూడా ఆపమనలేదు. "ఈ పిల్లోడు తొందరపడడు" అన్నారు. మయుంగ్ గురించి నేను చదివిన పెద్ద పెద్ద రివ్యూలన్నిటికన్నా నాకు ఆ ముక్కే గుర్తుంది.

ఇప్పుడు 'ద మిర్రర్' దగ్గరికే వస్తా, నా వాదనకు పునాది అదే. పెట్రూచి ఏడు తీగల గిటార్‌తో వాయించిన రిఫ్, అంటే మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరుస, కింది తీగ మీద బరువుగా, ఒకచోట నిలబడి కొట్టినట్టు ఉంటుంది. మాటలు పోర్ట్‌నోయ్‌వి, తన తాగుడు గురించి. మనవాళ్లందరికీ అతను తర్వాత రాసిన ఐదు పాటల వరుస తెలుసు. 2002 నుంచి 2009 దాకా వరుసగా ఐదు ఆల్బమ్స్‌లో, ఒక్కోదాంట్లో ఒక్కో పాట, తాగుడు మానడానికి పాటించే పన్నెండు మెట్ల మీద. గొప్ప పనే. కానీ అతను తాగుడు మానేసింది 2000లో. ఆ ఐదు పాటలూ గట్టెక్కిన మనిషి వెనక్కి చూసి రాసినవి. 'ద మిర్రర్' నీళ్లలో ఉండగా రాసింది. అద్దం ముందు నిలబడి తనని తాను తిట్టుకుంటున్న మనిషి, ఇంకా బయటపడని మనిషి. తాగే మనిషి ఉన్న ఇంట్లో పెరిగినవాళ్లు మన గ్రూపులోనే ఉన్నారు. వాళ్లలో ఇద్దరు ఈ పాట గురించి నాకు విడిగా మెసేజ్ పెట్టారు. ఓటు మాత్రం వేరేదానికి వేశారు, అది నాకు అర్థం కాలేదు.

ఆ పాట ఆగకుండా నేరుగా 'లై'లోకి పోతుంది. షఫుల్‌లో పెట్టుకుని వినేవాళ్లకు ఆ మలుపు ఎప్పటికీ తెలియదు. దయచేసి ఈ ఆల్బమ్‌ని షఫుల్‌లో వినొద్దు. 'ఎరోటోమేనియా', 'వాయిసెస్', 'ద సైలెంట్ మ్యాన్' మూడూ కలిపితే ఇరవై నిమిషాలు, ఒకే వరుస. ఎలక్ట్రిక్ గిటార్ హోరంతా అయ్యాక చివరికి ఒక అకూస్టిక్ గిటార్ మిగులుతుంది. అందులో ఒక కొడుకు, ఒక తండ్రి, ఇద్దరి మధ్య మాటల్లేని మౌనం. మా నాన్నా నేనూ అంతే. భోజనం దగ్గర కూర్చుంటే కరెంటు బిల్లు గురించి తప్ప మాట్లాడుకున్నది తక్కువ. ఇంతకన్నా చెప్పను.

లబ్రీ గొంతు గురించి రోజూ ఎవరో ఒకరు ఎగతాళి చేస్తారు. లైవ్ వీడియో క్లిప్పు పెట్టి నవ్వే ఎమోజీలు. వాళ్లకొక విషయం. 1994 డిసెంబరు చివర్లో లబ్రీ క్యూబాలో ఉండగా ఫుడ్ పాయిజనింగ్ అయింది. వాంతులు ఎంత తీవ్రంగా అయ్యాయంటే స్వరతంత్రులు దెబ్బతిన్నాయి. కోలుకోవడానికి ఏళ్లు పట్టింది, ఆ దెబ్బతోనే స్టేజీ ఎక్కుతూ పాడాడు. 'అవేక్' వచ్చింది అదే ఏడు అక్టోబరులో. అంటే ఆ గొంతు నిండుగా ఉన్నప్పుడు చేసిన చివరి ఆల్బమ్ ఇది. 'ఇన్నోసెన్స్ ఫేడెడ్'లో పైకి పోయే తీరు, 'లై'లో పళ్లు బిగించి పాడే తీరు, 'స్పేస్ డై వెస్ట్'లో పక్కన కూర్చుని చెప్తున్నట్టు పాడే తీరు, మూడూ ఒకే మనిషి, ఒకే ఆల్బమ్. దానికి ముందు అతను ఇంత కోపంగా పాడలేదు. తర్వాత ఇంత తేలిగ్గా పాడలేకపోయాడు.

'స్పేస్ డై వెస్ట్'... దీని గురించి రాయడానికే ఇంత రాశానేమో. కెవిన్ మూర్ ఒక్కడే రాసిన పాట. బట్టల కేటలాగులో ఒక మోడల్ ఫొటో చూసి, ఆ అమ్మాయి మీద మనసు పడిపోయి, అంతకుముందు మనసు విరిగి ఉన్న కుర్రాడు రాసుకున్నది. పియానో, మెల్లగా, ఎక్కడా ప్రతిభ చూపించే ప్రయత్నమే లేదు. గిటార్ సోలో లేదు. ప్రపంచంలో అందరికన్నా వేగంగా వాయించగల నలుగురు తమ ఆల్బమ్ చివర్లో చేతులు కట్టుకుని నిలబడ్డట్టు ఉంటుంది. ఆల్బమ్ ఇంకా మిక్సింగ్‌లో ఉండగానే మూర్ బ్యాండ్ వదిలేస్తున్నానని చెప్పేశాడు. ఆ పాటని వీళ్లు ఇరవై ఏళ్లు స్టేజీ మీద వాయించలేదు. 2014లో, 'అవేక్'కి ఇరవై ఏళ్లని, మొదటిసారి వాయించారు. ఆ టూరులో బోస్టన్‌లో తీసిన కచేరీ వీడియో వచ్చింది. అందులో ఈ పాట చూడండి, జనం ఎలా వింటున్నారో చూడండి.

'సీన్స్' నుంచి కీబోర్డు వాయిస్తున్న జోర్డన్ రూడెస్ మూర్ కన్నా పది రెట్లు వాయించగలడు. దాంట్లో వాదనే లేదు, ఆయన చిన్నప్పుడే న్యూయార్క్‌లోని పేరున్న సంగీత విద్యాలయం జూలియార్డ్‌లో నేర్చుకున్న మనిషి. కానీ మూర్‌కి ఎక్కడ వాయించకూడదో తెలుసు. అతను వదిలి వెళ్లాక ఈ బ్యాండ్‌లో ఆ పని చేసేవాళ్లు లేకుండా పోయారు. 1999 తర్వాత వచ్చిన ఆల్బమ్స్‌లో నన్ను ఇబ్బంది పెట్టేది ఇదొక్కటే. ప్రతి ఖాళీనీ ఎవరో ఒకరు నింపేస్తారు. గిటార్, కీబోర్డు ఒకే వరుసని ఒకే వేగంతో కలిసి వాయిస్తాయి, అందరం చప్పట్లు కొడతాం, ఇంటికొచ్చాక ఆ వరుస కూనిరాగానికి కూడా నోటికి రాదు.

కర్నూలు తమ్ముడొకడు "అన్నా, అవేక్ చాలా పొడుగు, డెబ్భై అయిదు నిమిషాలు, మధ్యలో బోర్ కొడుతుంది" అన్నాడు. 'సీన్స్' డెబ్భై ఏడు నిమిషాలు నాయనా. ఇంకొకరు "సౌండు చీకటిగా ఉంది" అన్నారు. ఉంది. బ్యాండ్ నిలుస్తుందో లేదో తెలియని రోజుల్లో చేసింది, వెలుగు ఎక్కడి నుంచి వస్తుంది? కంపెనీ మాట మరీ ఎక్కువ చెల్లితే ఏమవుతుందో చూడాలంటే 1997లో వచ్చిన ఆల్బమ్ వినండి. బయటి నుంచి హిట్టు పాటల రచయితను పిలిపించి ఒక పాటను మార్పించారు. అందులోనూ మంచి పాటలున్నాయి, కాదనను. కానీ 'అవేక్'లో మాత్రం ఒత్తిడికి వీళ్లు ఇచ్చిన జవాబు ఇంకా బరువుగా, ఇంకా లోపలికి పోవడం. సింగిల్‌గా విడుదల చేసిన 'లై'ని మించి కటువైన పాట ఈ ఆల్బమ్‌లో లేదు.

నా వరుస ఇది: 'అవేక్', తర్వాత 2002లో వచ్చిన 'సిక్స్ డిగ్రీస్', తర్వాతే 'సీన్స్', 'ఇమేజెస్'. 'సిక్స్ డిగ్రీస్' గురించి ఇంకోసారి, దాని రెండో డిస్క్‌లో ఉన్న నలభై రెండు నిమిషాల పాటకే ఒక పోస్టు కావాలి.

వచ్చే ఆదివారం టవర్ క్లాక్ దగ్గర టీకి కలిసేవాళ్లు ఒక పని చేసి రండి. 'అవేక్'లో పదకొండు పాటలున్నాయి. అది ఐదోదే అనేవాళ్లు అందులోంచి తీసేయాల్సిన పాట ఒక్కటి పేరు పెట్టి చెప్పండి. "కొన్ని పాటలు" అని కాదు, పేరు కావాలి. కడప అన్న మాత్రం 'స్కార్డ్' పేరు చెప్పేముందు హెడ్‌ఫోన్స్‌లో ఒకసారి చివరిదాకా వినిరా అన్నా, పోయినసారి నువ్వు సగంలోనే ఆపేశావు.