ఆవిరి రాకపోతే జనం సొమ్ము ఆవిరేనట!

ఇందాక ఆఫీసులో టీ తాగుతుంటే మా సీనియర్ ఒకాయన అన్న మాటకి ఇంకా ఒళ్లు మండుతోంది. భూమి లోపలి వేడితో కరెంటు తీయడానికి ప్రభుత్వాలు డబ్బు పెట్టడం గురించి మాటొచ్చింది. "అంత లోతు బోరేశాక ఆవిరి రాకపోతే జనం సొమ్ము ఆవిరే కదయ్యా" అన్నారాయన. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

అవును సార్, రాకపోవచ్చు. అందుకే కదా ప్రభుత్వం ముందుకు రావాలనేది! రెండు మూడు కిలోమీటర్లు తవ్వితే గానీ కింద ఎంత వేడి ఉందో, నీళ్లు పారే పగుళ్లు ఉన్నాయో లేవో ఖాయంగా తెలియదు. తవ్వి చూపించేదాకా బ్యాంకు అప్పివ్వదు, అప్పు దొరక్కపోతే తవ్వేవాడు ఉండడు, ఇక ఆ వేడి అక్కడే పడి ఉంటుంది. ఐస్‌లాండ్ 1967లో ఒక నిధి పెట్టి తవ్వకాలకు అప్పులిచ్చింది, బావి విఫలమైతే అప్పు మాఫీ. ఇవాళ అక్కడ పది ఇళ్లలో తొమ్మిది భూమి వేడితోనే వెచ్చబడుతున్నాయి. కెన్యాలో ప్రభుత్వ కంపెనీయే బావులు తవ్వి, ఆవిరి దొరికాక ప్లాంటు కట్టేవాళ్లకి అమ్ముతోంది.

నాకు అన్నిటికన్నా మండేది ఇది. ఇటలీలోని లార్డెరెల్లోలో 250 కిలోవాట్ల జియోథర్మల్ ప్లాంటు, అంటే భూమి వేడితో కరెంటు తీసే ప్లాంటు, మొదలైంది 1913లో. అమెరికాలో చమురు బావుల తవ్వకం ఖర్చుకి పన్ను రాయితీ మొదలైందీ 1913లోనే. అదే రాయితీ జియోథర్మల్ బావులకి దక్కింది ఎప్పుడో తెలుసా? 1978లో! చమురు కోసం తవ్విన బావి ఎండిపోతే అది వ్యాపారంలో మామూలే, వేడి కోసం తవ్వింది ఎండిపోతే మాత్రం దుబారా అంటారు. ఈ మాట పదేళ్లుగా వింటూనే ఉన్నాను.

ఆ వేడి నీళ్లలో కరిగి పైకొచ్చే ఖనిజాల సంగతైతే ఇంకా ఘోరం. లార్డెరెల్లోలో కరెంటు కంటే దాదాపు వందేళ్ల ముందే ఆ వేడి నీళ్ల నుంచి బోరిక్ ఆమ్లం తీసేవాళ్లు. అంటే ఇదేమీ నిన్న పుట్టిన ఆలోచన కాదు. కాలిఫోర్నియాలోని సాల్టన్ సీ అనే సరస్సు దగ్గర 1980ల నుంచీ లిథియం, మాంగనీస్, జింక్ కలిసిన ఉప్పునీటిని పైకి తెచ్చి, వేడి మాత్రం తీసుకుని, మళ్లీ భూమిలోకే పంపేస్తున్నారు. అక్కడ మొత్తం 37.5 కోట్ల ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీలకి సరిపడే లిథియం ఉండొచ్చని 2023లో లెక్క తేల్చిన అధ్యయనానికి డబ్బిచ్చింది కూడా అమెరికా ఇంధన శాఖే. తీయడం తేలికని నేననను. ఆ నీళ్లు కాస్త చల్లబడగానే అందులో కరిగి ఉన్న సిలికా అనే ఖనిజం పైపు లోపలంతా రాయిలాంటి గారగా పేరుకుపోతుంది, ముందు దాన్ని వదిలించుకోవాలి. జింక్ తీయబోయి 2004లో చేతులెత్తేసిన కంపెనీ కూడా అక్కడే ఉంది. ఇలాంటి చోటే కదా పరిశోధనకి ప్రభుత్వ డబ్బు కావాల్సింది.

అయితే ఒక్క షరతు, దీని మీద మాత్రం నేను తగ్గను. పరిశోధన డబ్బు జనానిది, తవ్వకం రిస్కు జనానిది అయినప్పుడు లిథియంలో వాటా కూడా జనానికి రావాలి. కాలిఫోర్నియా 2022లో తీసే లిథియం మీద టన్నుకి 400 డాలర్లతో మొదలయ్యే పన్ను పెడితే కంపెనీలు గగ్గోలు పెట్టాయి. నష్టం మాత్రం మాకు, లాభం వాళ్లకా?

రేపు టీ దగ్గర ఆయన్ని వదలను. 1913కీ 1978కీ మధ్య ఆ 65 ఏళ్లు ఎండిపోయిన చమురు బావుల్లో ఎవరి సొమ్ము ఆవిరైందో ఆయనే చెప్పాలి.